అన్న అనలేని మాట

“లైను పోయిందంట!”

ఫెలేటి ఫోను బల్ల మీద పడేసి, గోడవార మినుకుమినుకుమంటున్న ఇంటర్నెట్టు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వైరు లాగాడు. ఊదాడు. మళ్ళీ గుచ్చాడు.

“ఏం లైను నాన్నా?” అంది కూతురు లెసియెలి. సూపర్‌మార్కెట్టులో డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. చొక్కా మీద పేరుబిళ్ళ ఇంకా తియ్యలేదు.

“ఆసుపత్రి పిల్ల ఫోను చేసింది. మీ అమ్మ పేరు చెప్పి ‘ది లైన్డ్, ది లైన్డ్’ అని గట్టిగా అంది. నేనూ గట్టిగా ‘ఎస్ ఎస్’ అన్నాను. సోమవారం ఆపరేషనుకీ మన లైనుకీ ఏం సంబంధమో దేవుడికే తెలియాలి.”

లెసియెలి అదే నెంబరుకు తిరిగి ఫోను కొట్టింది. అటు నుంచి ఏదో చెప్పారు. ఇటు నుంచి ఈ పిల్ల “సరిగ్గా చూశారా?” అని ఇంగ్లీషులో అడిగిందే అడిగింది. ఫోను పెట్టేసి, చలికి ముందుగదిలో వెలిగించిన పొయ్యి దగ్గర నిలబడ్డ తల్లి కలోలైనె వీపు వైపు చూసింది.

“లైను కాదు నాన్నా. డిక్లైన్డ్. అంటే వద్దన్నారని. నువ్వు ‘ఎస్ ఎస్’ అని దాన్ని ఖాయం కూడా చేశావు.”

“ఎవరు వద్దన్నారు?”

“అమ్మ.”

“దేన్ని?”

“ఆపరేషన్ని.”

తెగింది లైను కాదని తేలింది. తగులుకున్నది తగవు.

ద్రాక్ష కోతల్లో మొదలైన నెత్తురు కలోలైనెకు కొమ్మల కత్తిరింపులు వచ్చినా ఆగలేదు. పోయిన నెలలో ప్యాకింగ్ షెడ్డులో ద్రాక్ష పెట్టెల మీదే విరుచుకుపడిపోయింది. లోపల గడ్డలున్నాయి, తీసేయాలి, ఇంకోసారి ఇలా పడితే లేస్తుందన్న పూచీ లేదు అని పెద్దూరి ఆసుపత్రిలో చెప్పారు. వారాల తరబడి ఎదురుచూస్తే సోమవారానికి ఒక మంచం దొరికింది. ఆ మంచాన్నే ఈ మంచి మనిషి కాలదన్నుకుందంటే ఎవరు నమ్ముతారు?

“నెత్తురు ఆగిపోయిందందని బుధవారం రాసుకున్నారంట. ఇవాళ ఆఫీసు మూసేలోగా అమ్మ తన నోటితో సరే అనాలంట,” అంది లెసియెలి. “లేకపోతే ఆ మంచం ఇంకొకళ్ళకిచ్చేస్తారు. మళ్ళీ మన వంతు ఎండాకాలం దాటాకే.”

“కలో,” అన్నాడు ఫెలేటి. “ఇటు తిరుగు.”

కలోలైనె తిరగలేదు. చామాకులు ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో మాంసం పెట్టి, కొబ్బరిపాలు పోసి, పొట్లం కడుతోంది. ఎప్పుడూ చక్కగా కుదిరే పొట్లం ఇవాళ కుదరడం లేదు. పాలు వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి.

“బుధవారం ఆసుపత్రి బయట నేను ట్రక్కులో కూచున్నాను. నువ్వు లోపలికెళ్ళి వచ్చావు. ఏమైందే అన్నాను. అయిపోయింది అన్నావు. ఏం అయిపోయింది? నెత్తురు ఆగిపోయింది, నాకేం అక్కర్లేదు అన్నావంట! రాసుకున్నారంట అక్కడ!”

కలోలైనె ఇంకో చామాకు అందుకుంది.

“పోనీ నీకు ఇంగ్లీషు రాదనుకో. తోంగా భాష మాట్లాడే మనిషిని ఫోనులోకి పిలిచారుగా! మన భాషలో, మన మాటలో అడిగారుగా! ఇంకెవరు అడగాలి నిన్ను, రాజుగారొచ్చి అడగాలా?”

“నాన్నా, అరవకు.”

“నేనరవట్లేదు. నా గొంతే అంత.”

ఆ మాట నిజమే. ఫెలేటికి గొంతు తగ్గించడం చేతకాదు, పంతం తగ్గించడం అసలే చేతకాదు. ఇంట్లో తోంగా భాషే మాట్లాడాలని శాసనం చేసింది అతనే. గడప దాటి లోపలికొచ్చాక ఇంగ్లీషు ముక్క దొర్లిన వాళ్ళు ఆ పూట గిన్నెలు కడగాలి. ఆంగ్లానికి అంట్లు, అదీ లెక్క. ఆ లెక్కన ఈ ఇంట్లో పుట్టి పెరిగిన లెసియెలి చేతులు సబ్బునీళ్ళలోనే నాని నలిగాయి. కలోలైనె మాత్రం ఒక్కనాడూ ఆ శిక్షకు దొరకలేదు. ఇంగ్లీషు ఆమె నోట ఇంట్లో ఎవరూ వినలేదు. ఆవిడకు రాదనే అందరి లెక్క.

“నేను వస్తానన్నాను,” అంది లెసియెలి. “అమ్మ పక్కన కూచుని అన్నీ చెప్తానన్నాను. ఇంటి మనుషులు వద్దు, మేమే దుభాషిని పెడతామని వాళ్ళన్నారు. సరేలే, మన భాషకో గౌరవం అని నువ్వు మురిసిపోయావు. నీ గౌరవం బానే ఉంది. అమ్మే పోయేలా ఉంది.”

“భాష పోతే ఏం మిగుల్తుందే మనకి? ఈ ద్రాక్షతోటల్లో కూలోళ్ళుగా మిగుల్తాం. అక్కడ తోంగా దీవుల్లో మీ తాత చచ్చిపోయేముందు ఫోనులో నీతో మాట్లాడితే నువ్వేమన్నావు? ‘హాయ్ గ్రాండ్‌పా’ అన్నావు. ఆయనకా ముక్కకి అర్థం తెలీదు. అదే ఆఖరు మాట. గుర్తుందా?”

లెసియెలి చొక్కా మీది పేరుబిళ్ళ పీకేస్తూ తల దించుకుంది. గుర్తుంది కాబట్టే.

కిటికీ కింద చాప మీద కూచున్న ముసలావిడ కర్రపెండలం చెక్కు తీస్తున్న కత్తి ఆపింది. ఆవిడ పేరు ఫిపే. కలోలైనెకు మేనత్త. తోంగా వాళ్ళ ఇళ్ళలో మేనత్త మాటకు తిరుగు లేదు. తండ్రే తోబుట్టువు ముందు తలొంచుతాడు, ఇక పిల్లలెంత. ఫెలేటి ఊరందరి మీదా అరుస్తాడు గానీ ఈవిడ దగ్గితే గొంతు సవరించుకుంటాడు.

ఆవిడ దగ్గింది.

“అల్లుడూ, నువ్వు దాన్ని ఎందుకు వద్దన్నావని అడుగుతున్నావు. ఎవరితో వద్దన్నావని అడిగావా?”

“డాక్టరుతో అత్తయ్యా. ఇంకెవరితో?”

“డాక్టరుకి తోంగా భాష వచ్చా?”

కలోలైనె చేతిలో పొట్లం విప్పుకుంది.

సరిగ్గా అప్పుడే బయట కారు ఆగిన చప్పుడైంది. కలోలైనె కిటికీలోంచి తొంగి చూసి, చేతులు తుడుచుకోకుండానే వెనక వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసేసుకుంది. పొయ్యి ఈ గదిలో మండుతూనే ఉంది. మండే పొయ్యిని వదిలి వెళ్ళే మనిషి కాదు ఆమె.

ఫిపే ఆ తలుపు వైపు ఒకసారి చూసింది. వాకిలి వైపు ఒకసారి చూసింది. కత్తి పక్కన పెట్టింది.

వచ్చింది సైమోనె. కలోలైనె పెదనాన్న కొడుకు. చర్చిలో పెద్దమనిషి, పాటల బృందంలో ఆయన గొంతు నేల అడుగు నుంచి వస్తుంది. జీన్సు ప్యాంటు మీద నడుముకు, తోంగా వాళ్ళు గౌరవానికి కట్టే అల్లిక చాప చుట్టుకుని ఉన్నాడు. చర్చికి పోయేది రేపు కాక ఎల్లుండి. శుక్రవారం పూట చాప చుట్టుకుని వచ్చాడంటే చావుకైనా రావాలి, తప్పు ఒప్పుకోడానికైనా రావాలి.

మెట్లెక్కలేదు. ముందున్న గడ్డి మీద, చలిలో, మఠం వేసుకుని కూచున్నాడు. పక్కన పెండలం గంప పెట్టాడు.

“బావా, లోపలికి రా. అక్కడేంటి?” అన్నాడు ఫెలేటి వరండాలోకి వచ్చి. “ఇంట్లో ఏం బాలేదు, వచ్చి కాస్త నువ్వైనా చెప్పు మీ చెల్లికి.”

సైమోనె తలెత్తలేదు. “లోపల ఎవరున్నారు?”

“ఎవరుంటారు? మేమే.”

“అంటే... ఆవిడ కూడానా?”

“ఏ ఆవిడ?”

సైమోనె గడ్డి పీకాడు. “అదే. ఆవిడ.”

ఫిపే కర్ర ఆనించుకుని గుమ్మంలోకి వచ్చింది. గుమ్మానికి అటు గడ్డి మీద మేనల్లుడు, ఇటు వంటింట్లో మేనకోడలు. చెరో తమ్ముడి బిడ్డ, ఇద్దరికీ ఈవిడే మేనత్త. కాసేపు ఇద్దరి మధ్యా గోడలా నిలబడింది.

“సైమోనె, నువ్వు ఫోనులో చేస్తావే ఆ పని. ఇప్పటికీ చేస్తున్నావా?”

“చేస్తున్నానత్తా.”

“ఎలా వస్తుంది నీకా పని?”

“కంపెనీ వాళ్ళు ఫోను చేస్తారు. ఎక్కడో ఎవరికో తోంగా భాష కావాలంటే, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి మోగుద్ది. పేరు చెప్పరు. నేనూ పేరు చెప్పను, నెంబరే చెప్తా. తోటలో కొమ్మలు కత్తిరిస్తూ కూడా ఎత్తుతుంటా.”

“బుధవారం ఎత్తావా?”

సైమోనె గడ్డి పీకడం మానేశాడు.

“ఎత్తానత్తా.”

లోపల వంటింటి తలుపు అవతల ఏదో గిన్నె కిందపడింది.

ఫెలేటి మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత ఏదో వచ్చింది. తర్వాత అంతా వచ్చేసింది. మెల్లిగా వరండా మెట్టు మీద కూచున్నాడు. అంత పెద్ద గొంతు మనిషీ “ఓరి దేవుడా” అని గాలితో అన్నాడు.

“ఏంటి?” అంది లెసియెలి. ఆమెకొక్కదానికే అర్థం కాలేదు. “ఏమైంది? మామయ్య దుభాషి అయితే మంచిదేగా! తెలిసిన మనిషేగా! ఆయన ఉద్యోగమే అది. డాక్టరు ఏమడిగితే అది చెప్పాలి, అమ్మ ఏమంటే అది చెప్పాలి. అందులో ఏముంది?”

ఫెలేటి మెట్టు మీద మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“చెప్పండి! గిన్నెలు కడుగుతాగానీ ఇంగ్లీషులోనైనా ఎవరో ఒకరు చెప్పండి!”

“ఇలా రావే,” అంది ఫిపే. “బ్రిస్బేన్ నుంచి మీ అన్న తానియెల వచ్చాడనుకో. నీ లోపలి బట్టలు ఎక్కడ ఆరేస్తావు?”

లెసియెలి మొహం ఎర్రబడింది. “నా గదిలో.”

“ఎవరు చెప్పారు అలా ఆరెయ్యమని?”

“ఎవరూ చెప్పలేదు.”

“వాడు టీవీ ముందు కూచుంటే, తెర మీద ముద్దుల సీను వస్తే?”

“లేచి పోతాను. ఎవరు ముందు లేస్తే వాళ్ళు.”

“మరి తానియెల ఫోనులో నిన్ను అడుగుతున్నాడనుకో. నీకు నెలసరి ఎన్నాళ్ళైంది, ఎంత పోతోంది, గుడ్డ ఎన్నిసార్లు మారుస్తున్నావు అని. పక్కన పలాంగీ డాక్టరు, ఆ తెల్లాయన, కూచుని ‘అడుగు, అడుగు’ అంటున్నాడు. చెప్తావా?”

లెసియెలి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకు భాష సగమే వచ్చు. ఈ సంగతి మాత్రం నిండా వచ్చు. ఇంట్లో ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నది అదొక్కటే.

“ఇప్పుడు నువ్వు చెప్పు,” అంది ఫిపే గడ్డి వైపు తిరిగి. “అందరూ వినాలి. దాచింది చాలు.”

సైమోనె చెప్పాడు. చెప్పినంత సేపూ గంపలోని పెండలానికే చెప్పాడు.

ఆరోజు పేరు తెలియదు. డాక్టరు గడగడా మొదలుపెట్టేశాడు, అడగరాని మాట మొదటి వాక్యంలోనే అనేశాడు. తర్వాత అటు నుంచి ఆవిడ గొంతు నమస్కారం అంది. గొంతు తెలియకపోవడానికి ఆదివారం ఆదివారం వెనక బెంచీలోంచి వినే గొంతాయె.

“చుట్టాలైతే చెప్పి ఫోను పెట్టెయ్యాలి, అది రూలు. కానీ ‘ఈమె నా చెల్లెలు’ అన్నానంటే, ఆ డాక్టరు అన్నది నేను విన్నానని తెలిసిపోద్దిగా అత్తా. నేనే అని తెలియకపోతే ఇద్దరి పరువూ నిలుస్తుందనుకున్నా. గొంతు సన్నం చేశా.”

ఇంకో రోజైతే ఫెలేటి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేల గొంతు సైమోనె చిలక గొంతు పెట్టాడంటే నవ్వకుండా ఎవరుంటారు? ఇవాళ ఎవరూ నవ్వలేదు.

“డాక్టరు... ఆ... ఆ సంగతి అడిగాడు. నేను ‘ఒంట్లో ఎలా ఉంది’ అన్నా. ‘బానే ఉంది’ అని వచ్చింది. బానే ఉందంట అని చెప్పా. మళ్ళీ అడిగాడు. నేను ‘ఇంకేమన్నా ఇబ్బందా’ అన్నా. ‘ఏం లేదు’ అని వచ్చింది. ఏం లేదంట అన్నా. అయితే ఆగిపోయిందా, మరి ఆపరేషను వద్దా అన్నాడు. నేను... వాళ్ళింకా అడగాలంటున్నారు అన్నా. ‘వద్దు, ఇంక వద్దు’ అని వచ్చింది. నేను ‘నో’ అన్నా. ఫోను ఎప్పుడు కట్ అవుద్దా అనే చూశా. ఆ ‘నో’ దేని మీద పడిందో చూసుకోలా.”

అన్న అన్నది డాక్టరు అన్నది కాదు. చెల్లెలు అన్నది అన్న అన్నదానికి జవాబు. డాక్టరు విన్నది ఆ ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడుకున్న మర్యాద. ఆ మర్యాదను అక్షరం పొల్లుపోకుండా వైద్యం అనుకుని రాసేసుకున్నాడు.

“మరి ఇవాళెందుకొచ్చావు?” అన్నాడు ఫెలేటి.

“పొద్దున నువ్వే కదా బావా, సోమవారం ఆపరేషను ఉంది, ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించమన్నావు. అప్పుడు తెలిసింది, నిజంగా వద్దనుకోలేదని. నేను చేసిన పనేంటో అప్పుడు తెలిసింది.”

వంటింటి తలుపు అవతల నుంచి కలోలైనె మాట వినబడింది. ఆ సాయంత్రం అదే ఆమె మొదటి మాట.

“అత్తా, ఆయన్ని ఏమీ అనొద్దని చెప్పు.”

ఫిపే గడ్డి వైపు తిరిగింది. “నిన్నేమీ అనొద్దంటోంది.”

“వినబడింది అత్తా.”

“వినబడకూడదు. నేను చెప్తేనే వినాలి.”

“మొదటి నమస్కారానికే నాకు తెలిసిపోయిందని చెప్పత్తా. ఆయన అంత కష్టపడి గొంతు మార్చుకుంటుంటే, తెలిసిందని ఎలా అంటాను? ఎంత తొందరగా ముగిస్తే ఆయనకంత తేలిక అనుకున్నాను. డాక్టరు దగ్గర మళ్ళీ ఇంకో రోజు చెప్పుకోవచ్చులే అనుకున్నాను. రాసేస్తారని తెలీదు.”

ఫిపే ఆ మాటనీ మోసుకెళ్ళి గడ్డి మీద దించింది. సైమోనె జవాబు మోసుకొచ్చి తలుపుకి చెప్పింది. తోంగా భాషలోంచి తోంగా భాషలోకి దుభాషిత్వం. లోకంలో ఆ పని మేనత్త ఒక్కతే చెయ్యగలదు, ఆవిడకి ఏ కంపెనీ వాళ్ళూ ఫోను చెయ్యరు.

ఫెలేటి లేచి వంటింటి తలుపు దగ్గరికెళ్ళాడు. తియ్యలేదు. అరచెయ్యి చెక్క మీద పెట్టాడు.

“కలో... నాకైనా చెప్పొచ్చుగా.”

“నీకు చెప్తే నువ్వు నీ బావ మీదకి వెళ్తావు.”

“వెళ్ళను.”

“ఇవాళ వెళ్ళవు. బుధవారమైతే వెళ్ళేవాడివి.”

ఫెలేటి నుదురు కూడా చెక్కకి ఆనించాడు.

“మొత్తానికి అందరికీ తెలిసింది,” అంది లెసియెలి, కళ్ళు తుడుచుకుని. “తెలియాల్సిన ఆసుపత్రికి తప్ప. టైమైపోతోంది.”

“నేను ఫోను చేస్తా,” అన్నాడు సైమోనె గడ్డి మీద నుంచి. “తప్పు చెప్పానని ఒప్పుకుంటా. పని తీసేస్తే తీసేయనీ.”

“వద్దని చెప్పత్తా!” కలోలైనె గొంతు ఈసారి గట్టిగా వచ్చింది. “తప్పు చెప్పానంటే, మరి ఒప్పేంటని అడుగుతారు. ఆ మాటలన్నీ ఆయన నోటితో, నా గురించి, మళ్ళీ? ఒకసారి చాలు.”

“నేను చెప్తాను,” అంది లెసియెలి.

“నీ నోటితో కాదంట, నా నోటితోనే కావాలంట. నువ్వే అన్నావుగా,” అంది తలుపు అవతల నుంచి కలోలైనె.

తలుపు వేలెడంత తెరుచుకుంది. ఆ సందులోంచి కొబ్బరిపాలు ఎండిన చెయ్యి బయటికొచ్చింది. “నెంబరు కొట్టి ఇవ్వు.”

లెసియెలి కొట్టి ఇచ్చింది. స్పీకరు పెట్టింది. ఆఫీసు ఇంకా మూయలేదు. అటు నుంచి ఆసుపత్రి పిల్ల పలికింది.

కలోలైనె ఒక్క ఊపిరి తీసుకుంది. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని సంగతి విన్నారు. షెడ్డులో ద్రాక్షగుత్తులకీ పెట్టెలకీ మధ్య ఏళ్ళ తరబడి ఏరుకున్న ఇంగ్లీషు, విరిగిందే గానీ మురిగింది కాదు. నా పేరు ఇది. బుధవారం పొరపాటు. నెత్తురు ఆగలేదు. రోజూ ఉంది. ఆపరేషను కావాలి. ఎస్.

ఫెలేటి తలుపు మీద చెయ్యి తియ్యడం మరిచిపోయాడు. అడ్డుగా నిలిచిన శాసనం తనదేనని తెలిసిన మొహం అది. “ఎప్పుడు నేర్చుకుందే?” అని కూతుర్ని చూశాడు. కూతురు తల అడ్డంగా ఊపింది.

“ఓ, చాలా సంతోషం డియర్,” అంది ఫోనులో పిల్ల, ఎంతో దయగా, ఒక్కో మాటా విడదీసి. “ఆపరేషను అంటే సరిగ్గా మీ భాషలోనే ఒప్పుకోవాలి కదా. ఒక్క నిమిషం. మీ భాష మనిషిని పిలుస్తాను.”

“నో! నో నో, ప్లీజ్, ఆడమనిషిని...” లెసియెలి తలుపు సందులోకి అరిచింది.

అప్పటికే అటు, లైనులో ఆగమనే పియానో మోగడం మొదలైంది.

కలోలైనె ఫోను పెట్టెయ్యలేదు. పెట్టేస్తే మంచం పోతుంది. పట్టుకుంటే ఎవరొస్తారో తెలియదు. ఆ పియానో ఆగకుండా ఇల్లంతా వినబడుతూనే ఉంది.

బయట గడ్డి మీద, నడుముకు చుట్టిన చాప కింద, సైమోనె జేబు మోగింది.

ఆయన మెల్లగా ఫోను తీసి, తెర మీది అక్షరాలు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ మేనత్త వైపు తలెత్తాడు. మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు.

“అత్తా,” అన్నాడు. “తోంగా భాషకి మనిషి కావాలంట.”